నూకరత్నం నాన్న ఓడ

తాళ్ళరేవులో నమూనా ఓడలు చేసే లింగాచారి గారికి, ఎవరేం అడిగినా జవాబు చెప్పే అలవాటు లేదు. చేతికి చిత్రిక ఇచ్చి, "ముందు ఆ చెక్క చదును చెయ్యి" అంటారు. చెక్క చదునయ్యేలోగా ప్రశ్న మర్చిపోతే అది అడగదగ్గ ప్రశ్న కాదని ఆయన లెక్క. శిష్యుడు జోగినాథం మాత్రం మర్చిపోయే రకం కాదు. ఆరేళ్ళుగా ఆయన దగ్గరే పడి ఉన్నాడు, పట్టిన పట్టు వదలడు.

ఆ ఏడు వాళ్ళు చేస్తున్నది, వెనకటి రోజుల్లో కోరంగి నుంచి రంగూను బయల్దేరిన ఒక తెరచాప ఓడకు నమూనా. చేయించుకుంటున్నావిడ పేరు నూకరత్నం, డెబ్బై దాటాయి. ఆవిడ తండ్రి ఆ ఓడను నడపడానికి కొత్తగా కుదిరిన సరంగు. ఈవిడకు తొమ్మిదేళ్ళప్పుడు వెళ్ళిన ఓడ మళ్ళీ రాలేదు. ఇప్పుడు చూపు మందగిస్తోంది, డాక్టరు కూడా పెదవి విరిచాడు. "కళ్ళుండగా ఒక్కసారి చూపించు బాబూ," అని ఆచారి గారిని అడిగింది. ఆయన ఎక్కడెక్కడో తిరిగి ఆ ఓడ పాత నక్షా సంపాదించి, అసలు ఓడలో బారకు నమూనాలో అంగుళం చొప్పున కొలతలు వేసి శిష్యుడికి అప్పగించారు.

తీరా చూస్తే నక్షా రెండు కొసలూ చెదలు తినేశాయి. ఓడ ముక్కు ఎలా ఉండేదో తెలియదు, వెనక భాగమైన అమరం ఎలా ఉండేదో అసలే తెలియదు. జోగినాథం విసిగిపోయాడు.

"గురువుగారూ, ఎంతవరకు నిజంగా ఉండాలి ఇది? మధ్యదంతా మేకులతో సహా కొలత ప్రకారం చేశాను. కొసలు ఊహించి చేసేస్తే కనిపెట్టేవాడెవడు?"

"అయితే చేసెయ్యి," అన్నారాయన.

చేసేశాడు. ముక్కు దగ్గర పది రోజులు కూర్చుని హంస తల చెక్కాడు. నిజం చెప్పాలంటే ముచ్చటగానే కుదిరింది. అమరం రెండు రోజుల్లో అయిందనిపించాడు.

నూకరత్నం వచ్చింది. హంస వంక చూడనైనా లేదు. తిన్నగా ఓడ వెనక్కి వెళ్ళి, కళ్ళు చికిలించి వంగి చూసింది. ముఖం వాడిపోయింది.

"ఇది మా నాన్న ఓడ కాదు బాబూ. దీపం కొయ్య ఎడం పక్కనుండేది. చుక్కాని పైన రెండు కిటికీలు, ఒకదానికి తలుపు లేక గోనెగుడ్డ కట్టారు. మేం రేవుకొచ్చేసరికే లంగరెత్తేశారు. కనుమరుగయ్యేదాకా నుంచుని చూశాను. నేనెరిగిన ఓడంటే ఆ ఎనకభాగమే."

జోగినాథానికి తల కొట్టేసినట్టయింది. అమరం ఊడదీసి, ఆవిడను అడిగి అడిగి మళ్ళీ కట్టాడు. ఆవిడ మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ ఏదో ఒకటి దిద్దించింది. నాలుగోసారి ఆ చిన్న గోనెగుడ్డను వేలితో తాకి, "ఇదే," అంది. అరవై ఏళ్ళకు పైగా దిగమింగుకున్న ఏడుపు, అక్కడే ఏడ్చేసింది.

కళ్ళు తుడుచుకున్నాక ఎవరూ అనుకోని పని చేసింది. ఓడను రెండు చేతులా పట్టుకుని మెల్లగా తిప్పి, ముక్కు తన వైపు పెట్టుకుంది. నాలుగడుగులు వెనక్కి వేసి పీట మీద కూర్చుంది. రెప్ప వెయ్యకుండా హంసను చూసింది.

"వచ్చేటప్పుడు ఇలాగుంటాదన్నమాట," అంది.

జోగినాథం గతుక్కుమన్నాడు. ఒకసారి దెబ్బ తిన్నవాడు, ఇక అబద్ధం దాచదలుచుకోలేదు. "అమ్మా, ఆ హంస..." అని నోరు తెరిచేసరికి ఆచారి గారు భుజం పట్టి బయటికి తీసుకుపోయారు.

"అది నేను ఊహించి చెక్కింది కదండీ. చెప్పొద్దంటారా?"

ఆయన గుమ్మంలోంచి వెనక్కి చూశారు. లోపల ఆవిడ ఇంకా అలాగే కూర్చుని ఉంది.

"వెళ్ళిన ఓడకు కొలతలుంటాయిరా," అన్నారు. "రావలసిన ఓడకు ఎక్కణ్ణుంచి తెస్తావు?"