రివ్వన్న చెవులు

అనగనగా ఒక అడవిలో ఒక కాలేజీ ఉండేది. నవ్వకండి పిల్లలూ, నిజంగానే ఉండేది! అక్కడ పాఠాలు తక్కువ, బొప్పాయి ఆట ఎక్కువ.

ఆట సులువే. ఒకరు పచ్చి బొప్పాయికాయ విసరాలి. జట్టులో ఇంకొకరు పరుగెత్తుకెళ్లి దాన్ని గాల్లోనే పట్టుకుని చివరి గీత దాటాలి. అవతలి జట్టు వాళ్లు వెంటపడి పడగొట్టాలి. ఆట అయ్యేదాకా ఎవరూ ఎవరినీ తినకూడదు. ఇది మాత్రం గట్టి నియమం.

ఆ కాలేజీకి ఇప్పవనం నుంచి ఒక కుర్ర దుప్పి వచ్చాడు. పరుగెడితే రివ్వుమనేవాడు, అందుకే వాడి పేరు రివ్వన్న. కాయను కొమ్ముల మధ్య టక్కున ఇరికించుకునేవాడు. ఇప్పవనంలో ఏ కాయ విసిరినా వాడికే. ఇక్కడా అంతేననుకున్నాడు, పాపం.

ఎలుగుబంటి మాస్టారు వాణ్ణి ఎగాదిగా చూశాడు. "మూడు ఆటలు చూస్తాను. పనికొస్తే జట్టులో ఉంటావు. లేదా, ఇంటికెళ్లి మీ అమ్మ పక్కన ఇప్పపూలు మేస్తావు" అన్నాడు.

"పూలు మేసే పని పడదులెండి మాస్టారూ" అన్నాడు రివ్వన్న, కొమ్ములు ఎగరేస్తూ.

మూడు ఆటలూ తోడేళ్లతోనే. మొదటి ఆటకు ముందు మాస్టారు చెప్పాడు: "రివ్వన్నా, నువ్వు కుడి అంచున దౌడు తియ్యి. కాయ నీకు రాదు. ఎడమ పక్కన మన సూదయ్యకి వెళ్తుంది."

సూదయ్య ముళ్లపంది. కాయ వాడి వీపు మీద పడిందా, ముళ్లకు గుచ్చుకుని ఇక జారదు. కాకపోతే నడక మాత్రం నత్తతో పందెం వేసుకున్నట్టుండేది.

"రాని కాయకి నేనెందుకు పరుగెత్తాలి?" అనుకున్నాడు రివ్వన్న. నాలుగడుగులు వేసి, గడ్డి కొరుకుతూ నిలబడ్డాడు. తోడేళ్లు అది చూశాయి. అన్నీ కలిసి సూదయ్య మీద పడ్డాయి. ఆట పోయింది. సూదయ్య ముళ్లు ఏడు విరిగాయి.

రెండో ఆటలో గడ్డి కొరకలేదు లెండి. పరుగెత్తాడు. అయినా ఏం లాభం? సూదయ్యకు కాయ వెళ్లినప్పుడల్లా నాలుగు తోడేళ్లు అక్కడే ఉన్నాయి. రివ్వన్నకు కాయ వచ్చినప్పుడల్లా అవే నాలుగూ వాడి ముందు ప్రత్యక్షం! ఆ ఆటా పోయింది.

బూడిదయ్య అనే ముదురు తోడేలు వెళ్తూ వెళ్తూ పళ్లికిలించాడు. "అల్లుడూ! కాయ నీకొస్తుంటే నీ చెవులు నిక్కపొడుచుకుంటాయి. రాకపోతే వేలాడతాయి. మేం కాయని చూడటం ఎప్పుడో మానేశాం. నీ చెవులే చూస్తున్నాం!"

రివ్వన్న ముఖం కందిపోయింది. నేరుగా సూదయ్య దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, నీ ముళ్లు విరిగింది నావల్లే" అన్నాడు.

"ముళ్లదేముందిరా, మళ్లీ వస్తాయి. మూడో ఆట మళ్లీ రాదు" అన్నాడు సూదయ్య.

"అయితే ఓ సాయం చెయ్యి. రోజూ పొద్దున్నే నా ఎదురుగా నిలబడు. నేను పరుగెడతాను. కోటమ్మ ఒకసారి కాయ విసురుతుంది, ఒకసారి ఉత్త చెయ్యి ఊపుతుంది. నన్ను మాత్రమే చూసి, కాయ వస్తోందో లేదో నువ్వు చెప్పు."

కోటమ్మ కాయ విసిరే కొండముచ్చు. తను సరేనంది. మొదటిరోజు సూదయ్య ప్రతిసారీ సరిగ్గానే చెప్పాడు. అయిదోరోజుకు సగం తప్పాడు. పదోరోజున, "ఒరేయ్, నాకేం తెలియట్లేదురా!" అని ఆనందంగా అరిచాడు.

మూడో ఆట వచ్చింది. రివ్వన్న ప్రతిసారీ చెవులు నిక్కించి, కాయ తనదే అన్నట్టు దూసుకుపోయాడు. ఒక్క కాయా రాలేదు. రాకపోయినా తరవాతి పరుగు తగ్గలేదు. తోడేళ్లు రొప్పుతూ వాడి వెంటే తిరిగాయి.

రెండు జట్లూ సమంగా ఉన్నాయి. ఇక మిగిలింది ఒకే ఒక్క కాయ. కోటమ్మ చెయ్యెత్తింది. రివ్వన్న రివ్వుమన్నాడు. చెవులు నిక్కాయి, కొమ్ములు పైకి లేచాయి.

"వాడికే! వాడికే!" అని అరిచాడు బూడిదయ్య. నాలుగు తోడేళ్లూ వాడి వెనక. గీత దాటేదాకా తరిమి, అందరూ కలిసి దుమ్ములో దొర్లారు.

దుమ్ము సర్దుకున్నాక బూడిదయ్య రివ్వన్న కొమ్ముల మధ్య వెతికాడు. "అల్లుడూ, కాయేదీ?"

"నన్నడుగుతావేం మామా? అదిగో, అటు చూడు!"

ఎడమ పక్కన, ఒక్క తోడేలు కూడా లేని చోట, సూదయ్య వీపు మీద కాయ పెట్టుకుని గీత దాటుతున్నాడు. తీరిగ్గా!

అడవంతా "సూదయ్యా! సూదయ్యా!" అని హోరెత్తిపోయింది. అందరికంటే గట్టిగా అరిచింది రివ్వన్నే.

ఎలుగుబంటి మాస్టారు వచ్చి వాడి వీపు మీది దుమ్ము దులిపాడు. "ఇవాళ ఒక్క కాయా ముట్టలేదు నువ్వు" అన్నాడు.

"అవును మాస్టారూ."

"మీ అమ్మకు కబురు పంపు. ఇప్పపూలు తనొక్కతే మేయాలని చెప్పు."

నీతి: కాయ మనకు వచ్చినా రాకపోయినా, మన పరుగు మనం నిండుగా పరుగెత్తాలి. గెలుపు జట్టుదైతే అందులో మన వంతు తప్పకుండా ఉంటుంది.