నాన్న సన్నాయికి మక్కీకి మక్కీ నకలు

2019 జూన్ 9, ఆదివారం. మృగశిర కార్తె వచ్చినా చీపురుపల్లిలో చినుకు లేదు, పొయ్యి ఊదినట్టు వడగాలి. ఆ కార్తెలో చేప తినాలంటారు. బజారులో చేపా లేదు, అది వేరే సంగతి.

ఆ రోజు పైడిరాజు తనంత తెలివైనవాడు జిల్లాలో లేడనుకున్నాడు. ఎప్పుడో బి.ఏ.లో తర్కశాస్త్రం చదివాడు మరి. అన్న సన్యాసప్పడు బడి మొహం చూడలేదు గానీ, అలాంటి తమ్ముడున్నాడు కనక సగం తెలివి తనదేనని నమ్మకం.

వాళ్ళ నాన్న అప్పలసూరి సన్నాయి విద్వాంసుడు. ఆయన గుక్క పట్టాడంటే పెళ్ళికొడుకు తాళి కట్టడం మరిచిపోయేవాడు. ఆయన పోయాక ఆ పాటలన్నీ ఒక్క కంప్యూటర్ హార్డ్ డిస్కులోనే మిగిలాయి. సంవత్సరీకానికి వినిపిద్దామంటే అది తెరుచుకోలేదు.

కంప్యూటర్ కొట్టు ఉస్మాన్ చూసి, అలాంటిదే కొత్త డిస్కు చేతిలో పెట్టాడు. "బావూ, ఇందులో రెండు గదులున్నాయనుకోండి. పాటలున్న గది తలుపు బిగుసుకుంది. మరమ్మతుకి ముందు మక్కీకి మక్కీ నకలు తియ్యాలి. అందాకా అసలుదాన్ని ముట్టుకోకండి."

అంతే. అన్నదమ్ములు పక్క టీ బడ్డీలో పట్టకారు అడిగి, దాంతో పట్టుకుని ఇంటికి తెచ్చారు.

"తలుపు బిగుసుకుంటే ఏం చేస్తాంరా?" అన్నాడు సన్యాసప్పడు.

"ఆముదం పోస్తాం."

పోశారు. చెల్లెలు నూకాలు పరిగెత్తుకొచ్చింది. "మీ తెలివి తగలెయ్య, ఉస్మాన్‌నే పిలవండన్నా. నాన్న పాటలు పోతాయి."

"నువ్వు తర్కం చదివావుటే?"

"లేదు. నాన్న పాటలు విన్నాను."

ఈలోగా ఆముదానికి పట్టకారు జారింది. డిస్కు గచ్చు మీద పడి మూల పగిలింది. ఇంకేముంది, నకలు మక్కీకి మక్కీ ఉండాలి కదా. కొత్తదాన్ని ఆముదం గిన్నెలో ముంచి, అదే మూల పొత్రంతో కొట్టారు. పగులు పొట్టిగా వచ్చిందని మళ్ళీ కొట్టారు. పక్కపక్కన పెట్టి చూసుకుంటే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

వాళ్ళూ పోల్చుకోలేకపోయారు.

రెండింటినీ తుడిచి ఇంట్లో కంప్యూటరుకి తగిలిస్తే, దేనిలోంచి దేనిలోకి అని అడిగింది. పైడిరాజు తర్కం బయటికి తీశాడు. "పాటలున్నది బరువుంటుందన్నయ్యా." చేత్తో తూచారు. గిన్నెలో మునిగి ఆముదం తాగింది కొత్తదే కనక అదే బరువు తూగింది. దానిలోంచే తీసి రెండోదానిలోకి పంపారు. పని పూర్తయిందని కంప్యూటరు చెప్పింది.

మరమ్మతుకి తీసుకెళ్తే ఉస్మాన్ చూసి తల పట్టుకున్నాడు. "రెండింట్లోనూ ఏమీ లేదు బావూ. నకలు మాత్రం అచ్చు దిగింది."

ఆ చివరి మాట ఒక్కటే వాళ్ళ చెవిన పడింది. సంవత్సరీకం నాడు మైకుసెట్టు పెట్టించి, చుట్టాలందర్నీ కూర్చోబెట్టి డిస్కు తగిలించారు. చప్పుడు లేదు.

"నాన్న గుక్క పడుతున్నారు," అన్నాడు సన్యాసప్పడు. పైడిరాజు కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత పంపకాలు జరిగాయి. ఒక డిస్కు అన్నకి, ఒకటి తమ్ముడికి. ఏది ఏదో తెలియదు కనక తగువు రాలేదు. పట్టకారు టీ బడ్డీకి చేరింది. నూకాలుకి ఏమీ రాలేదు. ఆవిడ పెరట్లో అంట్లు తోముకుంటూ నాన్న వాయించే మంగళం మొదట్నించి చివరిదాకా, ఒక్క గమకం పోకుండా కూనిరాగం తీస్తోంది.

"నోరు మూసుకోవే," అని డిస్కులు తగిలించుకు కూర్చున్న ఇద్దరన్నలూ ఒకేసారి కసిరారు. "నాన్న మొదలెట్టబోతున్నారు."