తొమ్మిదో పేరు

దుప్పటి కాళ్ళ దాకా లాక్కో చిట్టీ. ఊఁ కొట్టడం మర్చిపోకు. నీ ఊఁ ఆగితే నా కథ కూడా ఆగిపోతుంది, ముందే చెబుతున్నాను.

అనగనగా సముద్రానికి కాస్త దూరంలో ఒక ఊరు. ఆ ఊరి పేరు తెల్లకొటారు. ఊరి చుట్టూ ఉప్పు మళ్ళు. మళ్ళలోకి సముద్రపు నీళ్ళు పెడతారు. ఎండకి నీళ్ళు ఆవిరైపోయి అడుగున ఉప్పు మిగులుతుంది. దాన్ని లాగి గట్టు మీద రాశులు పోస్తారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉప్పునీళ్ళలో నిలబడితే కాళ్ళు ఏమవుతాయి చెప్పు? పగిలిపోతాయి. ఆ పగుళ్ళలోకి మళ్ళీ ఉప్పే వెళ్తుంది. భగ్గున మండుతుంది.

ఆ ఊరికి తీతు అయ్యగారని ఒక పాస్టరు గారు వచ్చారు. ఆయన భార్య సలోమి అమ్మగారు. వాళ్ళు వచ్చిననాడు అక్కడ మందిరం లేదు, గంట లేదు. నాలుగు గుంజలు, పైన తాటాకులు, అంతే. ఆరాధనకి వచ్చింది తొమ్మిది మంది. అందరికంటే ముందు వచ్చి చాప పరిచింది లేయమ్మ. ఆమెకి అప్పటికే అరవై దాటాయి. నా అనే వాళ్ళు లేని మనిషి.

ఆ తొమ్మిది మందీ, అయ్యగారూ, అమ్మగారూ కలిసి ఏం చేసేవారో తెలుసా? సాయంత్రం మళ్ళలోంచి వచ్చేవాళ్ళ కోసం దారిలో కూర్చునేవారు. మంచినీళ్ళతో వాళ్ళ కాళ్ళు కడిగేవారు. గోరువెచ్చని ఆముదం పగుళ్ళకి రాసేవారు. నీది ఏ కులం, నువ్వు ఎవరికి మొక్కుతావు అని ఎవర్నీ అడిగేవారు కాదు. మంచినీళ్ళ బావి ఊరికి మైలు దూరం. ఆ నీళ్ళన్నీ కుండలతో మోసుకొచ్చినవే.

అప్పుడు తొమ్మిది మంది ముప్పై మంది అయ్యారు. ఆ తర్వాత ముప్పై నూరయ్యారు. ఆ తర్వాత నూరు మూడు వందలయ్యారు. తాటాకులు పోయి రేకులొచ్చాయి. ఇటుక గోడలొచ్చాయి. మైకొచ్చింది. అయ్యగారికి పనులూ పెరిగాయి. పెళ్ళిళ్ళు, పక్క ఊళ్ళ కూడికలు, ఒకటా రెండా! కాళ్ళకి నూనె రాసే పని ఎవరో ఒకరు చూసుకుంటున్నారులే అని అయ్యగారు అనుకున్నారు. ఎవరో ఒకరు చూసుకుంటున్నారులే అని సంఘమంతా అనుకుంది.

ఊఁ కొట్టవేం? ఆఁ, అలాగ.

పన్నెండేళ్ళు గడిచాయి. ఒక ఎండాకాలం, ఆదివారం నాడు కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. సంఘం ఇంత పెరిగినందుకు దేవునికి వందనాలు చెప్పాలని. రంగు కాగితాలు కట్టారు. పెరట్లో పెద్ద డేగిసాల్లో అన్నం, పప్పు ఉడుకుతున్నాయి. లోపల ఊపిరాడనంత జనం. కిటికీల దగ్గర కూడా జనం.

అయ్యగారు మైకు ముందు నిలబడ్డారు. ఆ జనాన్ని చూసేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి.

"మొదటి రోజు ఆరాధనకి వచ్చింది తొమ్మిది మంది," అన్నారు. "వాళ్ళని పేరుపేరునా పిలుస్తాను. లేచి నిలబడండి. వాళ్ళని చూసి ప్రభువుకి వందనాలు చెబుదాం."

ఒక్కో పేరు పిలిచారు. ఒక్కొక్కరే లేచారు. ఎనిమిది మంది లేచారు.

"లేయమ్మా," అన్నారు అయ్యగారు.

ఎవరూ లేవలేదు.

వినపడలేదేమో అనుకుని మళ్ళీ పిలిచారు. ఎవరూ లేవలేదు. మూడోసారి గట్టిగా పిలిచారు. రేకుల కింద ఆ పేరు ఖంగుమని తిరిగింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. పక్కకి చూశారు. లేయమ్మ లేదు.

"పోయిన వారం వచ్చింది కదా," అని ఒకరన్నారు. "కాదు, అంతకు ముందు వారం," అని ఇంకొకరన్నారు. "నేను చూసి మూడు వారాలైంది," అని రూతమ్మ అనే ఆవిడ అంది.

అయ్యగారు లెక్క వేసుకున్నారు. మూడు వారాలు! డెబ్బై దాటిన మనిషి. ఈ ఎండల్లో. ఇంట్లో పడిపోయినా చూసేవాళ్ళు లేరు. మరి తనెప్పుడు చూశారు ఆమెని? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. వందనాలు చెప్పాలని నోరు తెరిస్తే గొంతులోంచి మాట రాలేదు.

సంఘ పెద్ద ఆశీర్వాదం గారు దగ్గరికొచ్చి మెల్లిగా అన్నారు. "అయ్యగారూ, ముందు ప్రార్థన కానివ్వండి. పక్క ఊళ్ళ నుంచి పెద్దలొచ్చారు. ఆనక ఎవర్నైనా పంపుదాం."

"ఆనక అంటే ఎప్పుడండీ?" అన్నారు అయ్యగారు. తువ్వాలు నెత్తిన వేసుకుని, జనం మధ్యలోంచి దారి చేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

మొదట లేయమ్మ గుడిసెకి వెళ్ళారు. తడిక తలుపు తాడుతో కట్టి ఉంది. విప్పి లోపలికి చూశారు. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. నీళ్ళ కుండ అడుగు దాకా ఎండిపోయి ఉంది. దండెం మీద చీర లేదు. మనిషి లేదు.

అప్పుడు మంచినీళ్ళ బావి దగ్గరికి పరుగెత్తారు. ఇసుక కాలుతోంది. బావి దగ్గర తిరుపతమ్మ అనే ఆవిడ నీళ్ళు తోడుతోంది.

"అమ్మా, లేయమ్మని చూశావా?"

"ఎందుకు చూళ్ళేదు అయ్యగారూ! రోజూ వచ్చేది. ముందు రెండు కుండలు మోసేది. తర్వాత ఒక్కటే మోసేది. మొన్నైతే సగం కుండే మోసింది. ఉప్పుటేరు దాటి అవతల షెడ్డుకి వెళ్ళేది. నిన్నటి నుంచి రాలేదు." తిరుపతమ్మ కళ్ళు దించుకుంది. "నేనన్నా వెళ్ళి చూడాల్సింది."

ఆ తర్వాత ఆమె తన నిండు కుండ ఎత్తి అయ్యగారి భుజాన పెట్టింది. "ఆ వైపు మంచినీళ్ళు చుక్క దొరకవు. ఇవి పట్టుకెళ్ళండి. నేను ఊళ్ళోకి పోయి మీవాళ్ళకి చెబుతాను," అంది.

అప్పుడు అయ్యగారు ఉప్పుటేరు దగ్గరికి వచ్చారు. ఉప్పుటేరంటే సముద్రంలోంచి లోపలికి వచ్చే పాయ. పోటు లేనప్పుడు మోకాలి లోతు. పోటొస్తే మనిషి మునిగిపోతాడు. ఒడ్డున బురదలో ఒక రబ్బరు చెప్పు కూరుకుపోయి ఉంది. దాని వారు తెగితే ఎర్ర గుడ్డపీలికతో కట్టి ఉంది. అది లేయమ్మ చెప్పే. ఒక్కటే ఉంది. రెండోది లేదు.

అయ్యగారు ఏటిలోకి చూశారు. చూడాలంటే భయం. చూడకపోతే ఇంకా భయం. "ప్రభువా, ఈ నీళ్ళలో ఉండకూడదు, ఈ నీళ్ళలో మాత్రం ఉండకూడదు," అనుకుంటూ దిగారు.

మధ్యలో కాలు బురదలోకి జారింది. కుండ ఒరిగింది. నీళ్ళు భళుక్కున ఒలికాయి. రెండు చేతులా కుండని గుండెకి హత్తుకుని నిలదొక్కుకున్నారు. సగం నీళ్ళు పోయాయి. సగం మిగిలాయి.

భయపడకు చిట్టీ, నా పక్కకి జరుగు. చెబుతున్నాగా.

అవతల ఒడ్డున, ఉప్పు మళ్ళ చివర, ఒక పాత షెడ్డు ఉంది. అందులో శ్రీకాకుళం వైపు నుంచి పనికొచ్చిన ఒక కుటుంబం ఉంది. మొగుడు సింహాద్రి, పెళ్ళాం గౌరి, ఇద్దరు పిల్లలు. నలుగురికీ ఆటలమ్మ పోసింది. ఒళ్ళంతా పొక్కులు, జ్వరం. మిగతా కూలీలకి అంటుకుంటుందని మేస్త్రీ వాళ్ళని అక్కడికి పంపేశాడు. ఆ తర్వాత అటు తొంగి చూసినవాళ్ళు లేరు, లేయమ్మ తప్ప. ఆమెకి చిన్నప్పుడే పోసింది కాబట్టి భయం లేదు. రోజూ నీళ్ళు మోసి, గంజి కాచి, వేపాకుతో విసిరి వాళ్ళని కాచుకుంది.

అయ్యగారు వెళ్ళేసరికి ఏముంది? నేల మీద గోనెపట్టా. దాని మీద లేయమ్మ. కళ్ళు మూతలు పడ్డాయి. పెదాలు ఎండిపోయాయి. పక్కన గౌరి పొక్కుల చేతులతో, తడిగుడ్డతో ఆమె నోరు తడుపుతోంది.

"నీల్లు అయిపోనాయి బాబూ," అని గౌరి ఏడ్చింది. "మా పిల్లలకి పోసీసి తను తాగనేదు. నిన్న ఎండకి పడిపోనాది."

"లేయమ్మా!" అని పిలిచారు అయ్యగారు. పలుకు లేదు. తల ఒళ్ళోకి తీసుకుని గుక్కెడు నీళ్ళు పోశారు. నీళ్ళు పెదవి చివర నుంచి కారిపోయాయి. మళ్ళీ పోశారు. మళ్ళీ కారిపోయాయి. మూడోసారి చుక్క చుక్కగా పోశారు. అప్పుడు ఆమె గొంతు కదిలింది. గుటక పడింది.

కాసేపటికి లేయమ్మ కళ్ళు తెరిచింది.

"ఆరాధన అయిపోయిందా అయ్యగారూ?" అంది.

అయ్యగారికి ఏడుపు ఆగలేదు. "మాకెందుకు చెప్పలేదమ్మా? ఒక్క మాట చెబితే అందరం వచ్చేవాళ్ళం కదా!"

"చెబుదామనే వచ్చాను. రెండు ఆదివారాలు గుమ్మం దాకా వచ్చాను. లోపలంతా జనం. మీ చుట్టూ జనం. సందు దొరకలేదు. ఎంతమందిమయ్యామో అని సంతోషమేసింది అయ్యగారూ. కాసేపు చూసి, నీళ్ళ వేళయిందని వెళ్ళిపోయాను."

అంతే అంది. మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

అయ్యగారికి ఏం చెయ్యాలో తోచలేదు. ఆమెని వదిలి వెళ్ళలేరు. ఒక్కరే మోసుకుని ఏరు దాటలేరు. నీళ్ళు ఆ నలుగురికీ తలా చెంబెడు పోస్తే అయిపోయాయి. బయటికొచ్చి చూస్తే ఏటిలో పోటు మొదలైంది. నీళ్ళు మెల్లమెల్లగా గట్టు ఎక్కుతున్నాయి.

అప్పుడు అవతల ఒడ్డున తెల్లగా ఏదో కదిలింది. ఉప్పు రాశులేమో అనుకున్నారు. కాదు, జనం! పండగ బట్టల్లో మందిరమంతా కదిలి వచ్చేసింది. ముందు సలోమి అమ్మగారు, పక్కన తిరుపతమ్మ. నెత్తిన నీళ్ళ బిందెలు, అన్నం గంపలు. ఇద్దరు ఒక నులక మంచం మోసుకొస్తున్నారు.

షెడ్డులో ఆటలమ్మ ఉందని అయ్యగారు అరిచి చెప్పేసరికి ఒడ్డు దగ్గర ఆగిపోయారు. ఆటలమ్మ అంటే ఎవరికి భయం ఉండదు చెప్పు?

"చిన్నప్పుడు పోసినవాళ్ళు లోపలికి రండి!" అని అయ్యగారు కేకేశారు. "పోయనివాళ్ళు ఏటిలో వరసగా నిలబడండి!"

మొదటి ఎనిమిది మందిలో ఐదుగురు దిగారు. వాళ్ళ వెనక ఇంకా పదిమంది దిగారు. మిగతావాళ్ళు ఏటిలో నడుం లోతున బారుగా నిలబడ్డారు. బిందెలు చేతి నుంచి చేతికి అందించారు. అందరికంటే లోతులో, పట్టు పంచెతో నిలబడింది ఎవరనుకున్నావ్? ఆశీర్వాదం గారు.

నీళ్ళు ఛాతీ దాకా వచ్చేసరికి లేయమ్మ మంచం ఏరు దాటింది. భుజాల పైకెత్తి దాటించారు. ఇద్దరు మనుషులు గౌరి దగ్గర ఉండిపోయారు. ఆ రోజు కూడిక జరగలేదు. వందనాలూ చెప్పలేదు.

ఊళ్ళోకి నర్సమ్మ వచ్చి లేయమ్మకి సెలైన్ పెట్టింది. "ఈ వయసులో ఏం చెప్పలేను, చూద్దాం," అంది.

మొదటి రోజు లేయమ్మ పలకలేదు. అయ్యగారు ఆమె గుడిసె గుమ్మంలోనే కూర్చున్నారు. రెండో రోజు కలవరించింది. "నీళ్ళు, నీళ్ళు, పిల్లలకి నీళ్ళు," అంది. అయ్యగారు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఊపిరి ఆడుతోందా అని చూడ్డం, బయటికొచ్చి పచార్లు చెయ్యడం, మళ్ళీ చూడ్డం. మూడో రోజు పొద్దున్నే లేయమ్మ కళ్ళు తెరిచి, "కాస్త గంజి ఉంటే పొయ్యండి, ఉప్పు మాత్రం వద్దు," అంది.

సలోమి అమ్మగారు నవ్వబోయి ఏడ్చేశారు. లేయమ్మ గంజి తాగింది. గిన్నె ఖాళీ అయ్యింది.

అప్పుడు అయ్యగారు మోకరించారు. ఆ ఆదివారం నుంచి గొంతులో ఇరుక్కున్న మాట ఇప్పుడు వచ్చింది. "ప్రభువా, నువ్విచ్చిన మూడు వందల మంది కోసం వందనాలు. మాలో ఒక్కరు కనపడకపోతే నాకు భయం వేసేలా చేశావు, దానికీ వందనాలు. ఈ భయం నాలోంచి తీసెయ్యకు." అంతే, చిన్న ప్రార్థన. ఆమెన్ అనేసి లేచి, నీళ్ళ కుండలు తీసుకుని ఏటి అవతలికి వెళ్ళారు.

గౌరి వాళ్ళు కూడా కోలుకున్నారు. సాయంత్రాలు దారిలో మళ్ళీ ఆముదం గిన్నెలు కనపడ్డాయి. ఈసారి వంతులేసుకున్నారు, ఎవరో ఒకరు చూస్తారులే అనుకోకుండా.

మరి ఆ తర్వాతి ఆదివారం అయ్యగారు మైకు దగ్గరికి పోలేదు. మందిరం గుమ్మంలో నిలబడ్డారు. వచ్చిన ప్రతి ఒక్కరి చెయ్యీ పట్టుకుని, పేరు పెట్టి పలకరించి, ఒంట్లో ఎలా ఉందని అడిగి లోపలికి పంపారు. మూడు వందల మందిని! ఆరాధన మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక్కరూ విసుక్కోలేదు.

ఏంటీ? అంతమంది పేర్లు అయ్యగారికి ఎలా తెలుసునా? మంచి ప్రశ్నే అడిగావు. సగం పేర్లు ఆయనకి తెలీవు తల్లీ. పక్కనే పీట వేసుకుని లేయమ్మ కూర్చుంది. వాళ్ళందరి కాళ్ళకీ పన్నెండేళ్ళుగా నూనె రాసిన మనిషి కదా. ఆయనకి రాని పేరల్లా మెల్లిగా అందిస్తూ కూర్చుంది.

ఉప్పు మడిలో ఎండ వాలింది,
ఊఁ కొట్టే చిట్టి సోలింది,
కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో మనింటి తలుపు తట్టింది.