గొట్టంతో గంజి పట్టడం

మఠం గురువు చెన్నబసవయ్యగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ఏదైనా మాటకు అర్థం అడిగితే చెప్పేవారు కారు. ఆ మాట ఎక్కడ బతుకుతోందో అక్కడికి పంపేసేవారు. అలా వెళ్లిన శిష్యుల్లో మన ఓంకారం ఒకడు. మఠం కోసం పల్లెమాటల నిఘంటువు రాస్తూ రాస్తూ, ఒక ఉదయం ‘గొట్టం పట్టడం’ దగ్గర ఆగిపోయాడు. వద్దన్న నోట్లోకి గొట్టంతో బలవంతంగా తిండి పోయడం అని రాసుకుని, “ఇది దయ అని రాయనా స్వామీ, హింస అని రాయనా?” అని అడిగాడు. గురువుగారు గంగులమ్మ దొడ్డికి వెళ్లి రమ్మన్నారు, అంతే.

గంగులమ్మకు ఉన్న ఆధారమంతా ఒక్క బర్రె. దూడ పోయిన నాటి నుంచి, నాలుగు రోజులుగా, అది గడ్డిపోచ ముట్టలేదు. ఓంకారం వెళ్లేసరికి మంచూ రాగిగంజి ఆవిరీ కలిసిపోయి దొడ్డంతా మబ్బులో తేలుతున్నట్టుంది. బర్రె కళ్లు తెరిచే ఉన్నాయి గానీ, చూపు మాత్రం దూడ వెంట ఎక్కడికో నడిచి వెళ్లిపోయింది.

ముసలమ్మకు చేతులు వణుకుతాయి. అందుకని వెదురు గొట్టం ఓంకారం చేతికిచ్చింది. మఠంలో చెంబు పెదవికి తగలకుండా ఎత్తి తాగేవాడు కదా, అదే తీరున బర్రె తల పైకెత్తి గంజంతా ఒక్కసారే గుమ్మరించాడు. దానికి పొలమారింది. కాళ్లు తడబడ్డాయి. కాసేపు అది ఉంటుందో పోతుందో తెలియలేదు.

“మీ మఠం మడి దీనికెందుకు సామీ, చంపేస్తావా?” అంది గంగులమ్మ. “తల దించు. గొంతు మీద చెయ్యి పెట్టు. గుక్కెడు పొయ్యి. అది మింగేదాకా ఆగు. అందాకా దానికి నువ్వెవరో, గొట్టమెవరో.”

గుక్కెడు పోశాడు. గంజి పెదవి చివరనుంచి కారిపోయింది. మళ్లీ పోసి కాచుకున్నాడు. ఎంతసేపో చెప్పలేడు. మంచు కరిగింది, ఎండ గోడ దిగింది, తనూ ఆ బర్రె కలలోకే జారిపోయినట్టయింది. అప్పుడు అరచేతి కింద, నీటి అడుగున చేప మసిలినట్టు, ఒక గుటక.

మూడోనాటికి బర్రె గొట్టాన్ని నాలుకతో పక్కకు నెట్టి, గంగులమ్మ చేతిలోని పచ్చగడ్డి అందుకుంది. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

ఓంకారం మఠానికి పరుగున వచ్చి, దయా హింసా రెండూ పక్కనపెట్టి, రెండు పుటలు నింపాడు. గొట్టం ఏ వాలున పట్టాలి, తల ఎంత ఎత్తున ఉంచాలి, గంజి ఎంత వేడి ఉండాలి, ఏదీ వదల్లేదు. గురువుగారు మురిసిపోతూ చివరిదాకా చదివారు. ఆ తర్వాత కాగితం తిరగేసి చూశారు.

“పోసినవాడి సంగతి బాగా రాశావు నాయనా. మింగినదాని సంగతి ఏ పుటలో ఉంది?”