మహారాజు పద్యానికి తాత్పర్యం

కొండలకూ ఏటికీ నడుమ ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. చెడ్డవాడేం కాదు కానీ, తానో మహాకవినన్న భ్రమ మాత్రం నిండా ఉండేది. ఆయన పద్యం చెబితే చాలు, అర్థమైనా కాకపోయినా సభంతా ఆహా ఓహో అనేది. ఆ వెంటనే పేరిందేవి అనే పండితురాలు లేచి ఆ పద్యానికి తాత్పర్యం చెప్పాలి. అది ఆ కొలువు ఆచారం.

రోజూ సభ మొదలయ్యేముందు పంచాంగం చదివేది మల్లంభట్టు. పాపం, ఆయనకు నత్తి. ఇంట్లో గడగడా చదివే మనిషి, నలుగురి కళ్లూ మీద పడేసరికి మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయేవాడు. రాజు దాన్ని అనుకరించేవాడు. రాజు నవ్వితే సభ నవ్వకుండా ఉంటుందా? భట్టుకు ఇంటికెళ్లి విస్తరి ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. తాతల నాటి కొలువే, అయినా ఇక చాలనుకున్నాడు. ఆ ఉదయం పంచాంగం చదివేసి, సెలవు పుచ్చుకుందామనే వచ్చాడు.

"తి... తి..." అన్నాడో లేదో, రాజు చెయ్యెత్తి ఆశువుగా ఓ పద్యం వదిలాడు. భట్టు తిథి పేరు చెప్పడం ముగించేసరికి ఆకాశంలో తిథే మారిపోతుందని దాని సారాంశం. సభ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మల్లంభట్టుకు కళ్లు మసకబారాయి. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

పేరిందేవి లేచింది. ఆమె ముఖంలో నవ్వు లేదు.

"ప్రభూ, పదాల అర్థం సభకు తెలిసినట్టే ఉంది. రసం దగ్గరే నాకు సందేహం."

"హాస్యం! ఆపాటి తెలియదూ?" అన్నాడు రాజు.

"అనుకున్నాను. కానీ భట్టుగారికి నవ్వు రాలేదు. పోనీ వీరమందామంటే, ఎదుటివారికి తిరిగి పద్యం విసిరే వీలుండాలి. ఏలినవారు సెలవిస్తే ఆయన తరఫున నేనే చెబుతాను. పోయిన దసరా ఊరేగింపులో తమరు ఏనుగు దిగబోయి, నిచ్చెన తప్పి... ఆ ఘట్టం మీద. దానికీ సభ ఇలాగే నవ్విందంటే, హాస్యమని ఒప్పేసుకుంటాను."

మంత్రి పైకప్పు దూలాలు చూడసాగాడు. సేనాపతికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. రాజు చెవులు ఎర్రబడ్డాయి.

"వద్దు వద్దు! అందులో నవ్వొచ్చేదేముంది?"

"భట్టుగారూ అదే అనుకుంటున్నారు ప్రభూ. తమరు పడ్డది ఒక్కసారి. ఆయన్ని ఇక్కడ రోజూ ఏనుగు మీంచి పడేస్తున్నాం."

రాజు మల్లంభట్టు వైపు చూశాడు. ఇన్నాళ్లూ ఆయన నోటినే చూశాడు గానీ, ఆ కళ్లు చూడలేదు. కాసేపటికి తన మీద తనకే నవ్వొచ్చి, బిగ్గరగా నవ్వేశాడు.

"పేరిందేవీ, నా పద్యం కన్నా నీ తాత్పర్యమే బాగుందమ్మా!" అంటూ మెడలోని ముత్యాల హారం తీసి ఇచ్చాడు. ఆమె వద్దనకుండా పుచ్చుకుంది. "మరి భట్టుగారి పంచాంగం మధ్యలో ఆగింది ప్రభూ" అంది.

మల్లంభట్టు మళ్లీ మొదలుపెట్టాడు. తిథి దగ్గర ఆగాడు, నక్షత్రం దగ్గర ఆగాడు. ఎవరూ కిక్కురుమనలేదు. చివరిదాకా చదివాడు.

"భట్టుగారూ, రేపు కూడా మీరే వచ్చి చదవాలి" అన్నాడు రాజు.

"వ... వ..." అన్నాడు మల్లంభట్టు.

ఆ మాట పూర్తయ్యేవరకూ మహారాజు చేతులు కట్టుకుని ఎదురుచూశాడు.