రెండు ముహూర్తాలు

పేరి భాస్కరశాస్త్రిగారు బందరులో నలభై ఏళ్ళపాటు తర్కశాస్త్రం చెప్పారు. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ ఆయన ఎంతటి వాదానికైనా సిద్ధమే. శిష్యుడి నోట ఒక్క మాట అటూ ఇటూ అయినా పట్టుకుని నిలదీసేవారు. కాని పుస్తకం మూశాక, ఎవరైనా తమ బతుకు గురించి ఏదైనా అడిగితే, తర్కం జోలికి వెళ్ళేవారు కాదు. తాను చూసిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు.

ఆదివారం పొద్దుటిపూట ఆయన దగ్గరికి వచ్చే వాళ్ళలో సుధన్వ ఒకడు. బ్యాంకులో ఉద్యోగం. అతను చేసుకోబోయే అమ్మాయి స్వీడన్‌లో పనిచేస్తోంది. రెండేళ్ళుగా వాళ్ళ పరిచయం ఫోన్లలోనే సాగుతోంది. నిశ్చితార్థం అనుకున్నాక, ఆ అమ్మాయికి ఇదే నచ్చుతుందిలే అని సుధన్వ తనే ఒక తేదీ ఖాయం చేసి కబురు చెప్పాడు. ఆ అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "నన్నొక్క మాట అడగాల్సింది" అంది. అప్పట్నుంచీ అతనికి మనసు మనసులో లేదు. ఆ ఆదివారం అందరూ వెళ్ళిపోయాక కూడా కూర్చుండిపోయి అడిగాడు: "గురువుగారూ, ఎదురుగా లేని మనిషి మనసు నాకు తెలుసు అనుకుని ముందుకు నడవడం నమ్మకమా? లేక ప్రతిదీ అడిగి, వాళ్ళ నోటితో విన్నాకే నడవడం నమ్మకమా?"

శాస్త్రిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా చక్రధరరావు కూతురు కౌముది నిశ్చితార్థానికి నేనే లగ్నపత్రిక రాశాను. ఆ సంగతి చెబుతాను, విను" అన్నారు. ఆయన చెప్పింది ఇది.

కౌముది బాపట్లలో వ్యవసాయశాస్త్రం చదివి, పై చదువుకి నెదర్లాండ్స్ వెళ్ళి, అక్కడే ఒక చిన్న ఊళ్ళో టమాటా విత్తనాల మీద పరిశోధన చేసే సంస్థలో కుదురుకుంది. బాపట్ల హాస్టల్లో తనతో ఒకే గదిలో ఉన్న అమ్మాయి అన్నగారు ఫణీంద్ర. అతను రైల్వేలో లోకో పైలట్, గూడ్స్ బళ్ళు నడుపుతాడు. చెల్లెల్ని చూడ్డానికి వచ్చినప్పుడు కలిగిన పరిచయం, కౌముది దేశం దాటాక ఇష్టంగా మారింది. నాలుగేళ్ళలో వాళ్ళు ఎదురుపడింది రెండుసార్లే. తక్కినదంతా ఫోన్లోనే. బండి ఎక్కితే ఫణీంద్ర ఫోన్ కట్టేయాలి. అందుకని ఎక్కే ముందు "ఎక్కుతున్నా" అనీ, దిగాక "దిగాను" అనీ రెండు ముక్కలు పంపేవాడు. ఆ రెండు ముక్కల మధ్య ఒక్కోసారి తొమ్మిది గంటలు, ఒక్కోసారి పన్నెండు. మొదట్లో ఆ గంటలు కౌముదికి గుండెల మీద బరువులా ఉండేవి. పోనుపోను అలవాటైంది. మాట వినపడకపోయినా మనిషి ఉన్నాడు, తన పని తాను చేసుకుంటున్నాడు, దిగగానే పలకరిస్తాడు అని నిబ్బరంగా తన పని చేసుకోవడం నేర్చుకుంది.

రెండు వైపులా పెద్దలు ఒప్పుకున్నారు. శ్రావణమాసంలో నిశ్చితార్థం పెట్టుకున్నారు. తీరా ఆ సమయానికి కౌముది నివాస అనుమతి గడువు తీరి, కొత్త కార్డు ఇంకా చేతికి రాలేదు. అది రాకుండా దేశం దాటితే తిరిగి అడుగుపెట్టడం కష్టం. వాయిదా వేద్దామంటే ఫణీంద్ర తల్లి ఒప్పుకోలేదు. చివరికి, బందరులో చక్రధరరావు ఇంట్లో తాంబూలాలు పుచ్చుకునేట్టూ, పిల్ల టీవీ తెర మీద కనిపించేట్టూ, ఎవరి ఉంగరం వాళ్ళే అదే క్షణంలో పెట్టుకునేట్టూ ఏర్పాటు చేసుకున్నారు. ఫణీంద్ర కొన్న ఉంగరం కౌముది సహోద్యోగి ఒకామె ద్వారా ముందే అక్కడికి చేరింది. కౌముది అతనికోసం ఎంచిన ఉంగరం తండ్రి దగ్గర ఉంది. ముహూర్తం పది గంటల నలభై రెండు నిమిషాలు. కౌముది గడియారంలో అది పొద్దున ఏడూ పన్నెండు.

ఆ రోజు కౌముది అయిదింటికే లేచి తలస్నానం చేసి, నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుంది. ఆమె పక్కగదిలో ఉండే వంజిరు అనే కెన్యా అమ్మాయి, వీడియోలు చూసి నేర్చుకుని మరీ, కుచ్చిళ్ళు సర్దింది. తెర మీద బందరు ఇల్లు కళకళలాడుతోంది. తల్లి, పిన్నులు, ఫణీంద్ర మేనమామ, మధ్యలో పట్టుపంచె కట్టుకుని ఇబ్బందిగా కూర్చున్న ఫణీంద్ర. శాస్త్రిగారు పత్రిక చదవడం మొదలుపెట్టారు. అంతలో పెద్ద ఉరుము వినిపించింది. తెర నల్లబడింది.

ఏడూ నాలుగు అయింది. కౌముది మళ్ళీ కలిపింది, కలవలేదు. తండ్రికి, తల్లికి, ఫణీంద్రకి వరసగా చేసింది. ఒక్కటీ మోగలేదు. ఏడూ పది. వంజిరు ఏం చేద్దామన్నట్టు చూసింది. కౌముది కళ్ళలో ఒక్కసారి నీళ్ళు తిరిగిన మాట నిజం. ఇంతదూరాన, ఈ గదిలో, కన్నవాళ్ళ ముఖం కూడా కనపడకుండా. కాని ఆ తరవాత ఆమెకి ఏ సందేహమూ కలగలేదు. అక్కడ కరెంటు పోయి ఉంటుంది. ఫణీ అదే చోట కూర్చుని ఉంటాడు. సమయం కాగానే పెట్టుకుంటాడు. సరిగ్గా ఏడూ పన్నెండుకి ఉంగరం తీసి వేలికి పెట్టుకుని, తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకుంది. వంజిరు చప్పట్లు కొట్టి, ఆమెని గట్టిగా కావలించుకుంది.

ఆ తరవాత చీర మార్చుకుని పనికి వెళ్ళిపోయింది. ఆమె పరిశోధన మొక్కలకి పువ్వులు విచ్చుకునేది ఆ పూటే. ఎనిమిదింటికల్లా వాటికి పుప్పొడి అద్దడం మొదలుపెట్టకపోతే ఆరువారాల శ్రమ వృథా. మొక్కలుండే అద్దాల గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. బయట బీరువాలో ఫోన్ పెట్టి, ఉంగరం మీదుగా చేతొడుగు వేసుకుని లోపలికి నడిచింది.

ఇక్కడ బందరులో జరిగింది వేరు. గాలివానకి ఊళ్ళో సగం మేర కరెంటు పోయింది, ఫోన్లూ మూగబోయాయి. పదీ నలభై అవుతుండగా చక్రధరరావు ఉంగరం ఉన్న పళ్ళెం ఫణీంద్ర ముందుకు జరిపాడు. "కానివ్వు బాబూ, అమ్మాయి అక్కడ పెట్టుకునే ఉంటుంది" అన్నాడు. ఫణీంద్ర చేతులు కదలలేదు. మేనమామ కసురుకున్నాడు. తల్లి బతిమాలింది. చివరికి శాస్త్రిగారే కలగజేసుకుని, "నాయనా, ముహూర్తం దాటిపోతోంది. ఆ అమ్మాయి మనసు నీకు తెలియనిదా?" అన్నారు.

"తెలుసండీ," అన్నాడు ఫణీంద్ర. "కాని తను ఇంకా ఏమీ అనలేదండీ."

నాలుగేళ్ళుగా అంటూనే ఉంది కదా అన్నారు శాస్త్రిగారు. నాతో అంది, మీ అందరి ముందూ అనలేదు, అది తను అనాల్సిన మాట అన్నాడతను. పది నలభై రెండు దాటిపోయింది. తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఫణీంద్ర లేచి, బావమరిది వరసయ్యే అతని బండి తీసుకుని, ఆ వానలో పట్టుపంచెతోనే బయల్దేరాడు. పెడన దారిలో ఫోన్ చూసుకుంటూ, ఆగి ఆగి అయిదారు మైళ్ళు వెళ్ళాక ఫోన్ పలికింది. పంక్చర్లు వేసే పాక చూరు కింద నిలబడి కౌముదికి చేశాడు. మోగింది, తీయలేదు. మళ్ళీ చేశాడు. గంటా ఇరవై నిమిషాలు అలా చేస్తూనే ఉన్నాడు. ఏదో జరిగిందనుకున్నాడు. మనసు మార్చుకుందనీ అనుకున్నాడు. పంక్చర్లు వేసే ఆయన ఒక స్టూలు జరిపి, "ఎవరికి బాబూ, ఒంట్లో బాగాలేదు?" అని అడిగితే తల అడ్డంగా ఊపి మళ్ళీ చేశాడు.

తొమ్మిదిన్నరకి కౌముది బయటికి వచ్చి ఫోన్ తీసి చూస్తే పందొమ్మిది పిలుపులు. గోడకి ఆనుకుని ఫోన్ చేసింది.

"ఏమైంది ఫణీ? అందరూ బాగున్నారా?"

"బాగున్నారు. నువ్వెక్కడికి పోయావు?"

"పనికి. చెప్పాను కదా, ఇవాళ పువ్వులు. ఎలా జరిగింది అక్కడ?"

"ఎలా జరుగుతుంది? నిన్ను అడుగుదామనే చేస్తున్నాను ఇందాకట్నుంచీ."

కౌముదికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "నేను పెట్టేసుకున్నాను. ఏడూ పన్నెండుకి. నువ్వు?"

అతను లేదన్నాడు. ఆ ఒక్క మాటకి ఆమె ముఖం వేడెక్కింది. పొద్దున ఆ గదిలో, ఒక్కతే, తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకున్న తన బొమ్మ కళ్ళముందు మెదిలి, సిగ్గేసింది. "అంటే నిశ్చితార్థం నాకొక్కదానికే జరిగిందన్నమాట. నీకు నామీద ఆ పాటి నమ్మకం కూడా లేకపోయింది."

"నమ్మకం లేక కాదు."

"మరి? నువ్వు పెట్టుకోలేదేమో అన్న ఆలోచనే నాకు రాలేదు ఫణీ. ఒక్క క్షణం కూడా రాలేదు."

పాక చూరు నీళ్ళు కారుతున్న చప్పుడు ఆమెకి వినిపిస్తోంది. అతను మెల్లిగా అన్నాడు. "ఇంటర్లో ఏ గ్రూపు తీసుకుంటావని మేష్టారు నిన్నడిగితే మీ నాన్నగారు చెప్పారన్నావు. ఆ దేశం వెళ్తావా అని నిన్నడిగితే మీ బాబాయి చెప్పారన్నావు. నీ తరఫున ఎవరో ఒకరు సరే అనేస్తారని నువ్వే కదా ఎన్నోసార్లు ఏడ్చావు. ఇవాళ పళ్ళెం నా ముందు పెట్టి, అమ్మాయికి సరేలే అన్నారు. నేను వేలు చాస్తే నేనూ వాళ్ళలో ఒకణ్ణయ్యేవాణ్ణి."

కౌముది గోడ వెంట జారి కింద కూర్చుంది. తను ఎప్పుడో చెప్పి మరిచిపోయిన సంగతులు. "తడిశావా?" అని అడిగింది.

"పూర్తిగా."

"వెళ్ళు. ఇంటికి వెళ్ళి పొడిబట్టలు కట్టుకో. కరెంటు వచ్చేదాకా నేనిక్కడే కూర్చుంటాను. అప్పుడు అందరి ముందూ నన్నడగమను."

కరెంటు రెండింటికి వచ్చింది. తెర మీద కౌముది తెల్ల కోటుతో, జుట్టు ముడేసుకుని, ఆ సంస్థ భోజనశాలలో కూర్చుని కనిపించింది. ఫణీంద్ర తల్లికి అప్పటికే మనసు కష్టంగా ఉంది. "చీరైనా కట్టుకోలేదేమ్మా" అంది. "కట్టుకున్నానండీ అత్తయ్యగారూ, పొద్దున. మీరే కనపడలేదు" అంది కౌముది. ఆవిడ ముఖంలో కొంచెం నవ్వు వచ్చింది. శాస్త్రిగారు గొంతు సవరించుకుని, "అమ్మా కౌముదీ, ఈ సంబంధం నీకు సమ్మతమేనా?" అని అడిగారు. చక్రధరరావు అలవాటుకొద్దీ నోరు తెరిచాడు. మళ్ళీ ఏమనుకున్నాడో మూసుకున్నాడు. ఇంట్లో ఉన్న ముప్ఫైమందీ తెరవైపే చూస్తున్నారు.

"నాకు సమ్మతమేనండీ," అంది కౌముది.

అప్పుడు ఫణీంద్ర పళ్ళెంలోంచి ఉంగరం తీసి పెట్టుకున్నాడు. తల్లి వెంటనే, "నువ్వూ ఒకసారి తీసి మళ్ళీ పెట్టుకోమ్మా, ఇద్దరిదీ ఒకేసారి అయినట్టుంటుంది" అంది. కౌముది చెయ్యి తెరకి దగ్గరగా పెట్టి చూపించింది. "తియ్యనండీ. నాది పొద్దునే అయిపోయింది" అంది. ఫణీంద్ర తల వంచుకుని నవ్వుకోవడం అందరూ చూశారు.

ఇక పత్రికలో సమయం రాయాలి. మేనమామ ఏది రాస్తారని అడిగాడు. శాస్త్రిగారు పంచాంగం తెరిచారు. కాసేపు చూసి మూసేశారు. పది గంటల నలభై రెండు నిమిషాలు అని ఒకటి, రెండు గంటల పది నిమిషాలు అని ఒకటి, ఒకదాని కింద ఒకటి రాసి, రెండింటి కిందా సంతకం చేశారు. పదేళ్ళైంది. ఏటా ఆ రోజు వచ్చేసరికి, ఎవరి సమయానికి వాళ్ళు శాస్త్రిగారికి ఫోన్ చేసి దణ్ణాలు చెప్పుకుంటారు.

సుధన్వ శ్రద్ధగా విన్నాడు. విన్నాక కూడా అతనికి సంగతి తేలలేదు. "అయితే గురువుగారూ, ఆ ఇద్దరిలో నమ్మకం ఎవరిదంటారు? అడక్కుండా పెట్టుకున్న ఆవిడదా, అడిగేదాకా ఆగిన ఆయనదా?"

శాస్త్రిగారు కళ్ళజోడు పెట్టుకుని లేచారు.

"అది తేల్చుకోవడానికే నాయనా, వాళ్ళు పెళ్ళి చేసుకుంది."