దూదమ్మ ఇంటి గులాబీ కంచె

అనగనగా ఒక అడవి. ఆ అడవి చివర, వాగు పక్కన, ఒక కుందేలు కాపురం ఉండేది. దాని పేరు దూదమ్మ.

దూదమ్మ భర్తను చలికాలం మొదట్లో నక్క పట్టుకుపోయింది. అప్పటికి దూదమ్మ కడుపుతో ఉంది. పిల్లల్ని ఎక్కడ కనాలో తెలియక మూడు రోజులు తిరిగింది. నాలుగో రోజు వాగు ఒడ్డున అడవి గులాబీ పొదలు కనిపించాయి. ఎవరూ నాటినవి కావు. వాటంతటవే గుండ్రంగా అల్లుకుని, గోడలా లేచి ఉన్నాయి. మధ్యలో కాస్త ఖాళీ నేల ఉంది. లోపలికి ఒకటే సందు. అది కూడా పొట్ట నేలకు ఆనించి పాకితే ఒక కుందేలు పట్టేంత.

దూదమ్మ పాకి లోపలికి వెళ్ళింది. చుట్టూ చూసింది. ఎటు చూసినా వంకర ముళ్ళు.

"ఇక్కడైతే నిద్ర పడుతుంది" అనుకుంది.

అక్కడే బొరియ తవ్వుకుంది. నలుగురు పిల్లల్ని కన్నది. అందరిలోకీ చిన్నవాడి పేరు బుడ్డోడు. బొరియ ముందు దూదమ్మ తోటకూర, ముల్లంగి, చిలగడదుంప వేసుకుంది. కంచెలో ఒక పిగిలిపిట్ట గూడు కట్టుకుంది. రోజూ సాయంత్రం అది కొమ్మ మీదా, దూదమ్మ గట్టు మీదా కూర్చుని మాట్లాడుకునేవారు.

చలి తగ్గగానే గులాబీలు పూశాయి. తెల్లటి పూలు. ఒక్కో పువ్వుకు ఐదు రేకులు, నడుమ పసుపు పుప్పొడి. పొద్దున మంచు ఆరుతుంటే లేత వాసన వచ్చేది. ఎండ ఎక్కాక అదే వాసన తేనెలా చిక్కబడేది. బుడ్డోడు రాలిన రేకును ముక్కు మీద పెట్టుకుని వెల్లకిలా పడుకునేవాడు. గాలి పీలిస్తే రేకు ముక్కుకు అతుక్కునేది. వదిలితే ఎగిరిపోయేది. మళ్ళీ ఇంకొకటి తెచ్చుకునేవాడు. వాణ్ణి చూస్తూ దూదమ్మ చాలా రోజుల తరవాత నవ్వింది.

గాలి ఆ వాసనను అడవిలోకి మోసుకుపోయింది.

ముందుగా ఒక దుప్పి వచ్చింది. మందలో దానికి పెద్ద పేరు. అందరూ దొరసానిగారు అని పిలుస్తారు. భర్త పోయినప్పుడు దూదమ్మను పలకరించడానికి అడవిలోంచి ఒక్కరూ రాలేదు. అలాంటిది దొరసానిగారే వాకిట్లోకి వచ్చేసరికి దూదమ్మ పరుగున ఎదురు వెళ్ళింది.

దుప్పి కంచె లోపలికి తల దూర్చి వాసన చూసింది. వెనక్కి తీసేటప్పుడు చెవికి ముల్లు గీరుకుంది.

"పూలు బాగున్నాయి దూదమ్మా. ఈ ముళ్ళే లేకపోతే రోజూ వచ్చి కూర్చునేదాన్ని" అంది.

దుప్పి వెళ్ళిపోయాక దూదమ్మ తూర్పు వైపు కొమ్మల్ని కొరకడం మొదలుపెట్టింది.

"అక్కా, ఏం చేస్తున్నావు?" అని అడిగింది పిగిలిపిట్ట.

"దొరసానిగారు కూర్చోవడానికి కాస్త చోటు చేస్తున్నాను."

"ఆ ముళ్ళ వల్లే కదా మనం ఇక్కడ ఉంటున్నాం."

"ఒక్క వైపే. మిగతాదంతా ఉందిగా" అంది దూదమ్మ.

మర్నాడు దుప్పి వచ్చి కూర్చుంది. దూదమ్మ పెట్టిన తోటకూర తిన్నది. "అడవిలో ఇంత మంచి చోటు ఇంకొకటి లేదు" అంది. ఆ మాటను దూదమ్మ ఆ రోజంతా తనలో తాను అనుకుంటూనే ఉంది.

తరవాత నెమలి వచ్చింది. చేసిన దారి దుప్పికి చాలింది గాని, నెమలి తోకకు చాలలేదు. ఒక ఈక ముల్లుకు చిక్కి చీలిపోయింది.

"రేపు వద్దామనుకున్నాను. కానీ ఈ సందులో నా తోక ఎలా పడుతుందమ్మా?" అంది నెమలి.

"రేపటికి పట్టేలా చేస్తాను, నెమలిగారూ" అంది దూదమ్మ.

ఈసారి కొరకాల్సిన కొమ్మలు పిగిలిపిట్ట గూటికి ఆనుకుని ఉన్నాయి. గూట్లో మూడు పిల్లలు. ఇంకా రెక్కలు రాలేదు.

పిగిలిపిట్ట కిందికి దిగి వచ్చింది. "అక్కా, పది రోజులు ఆగు. నా పిల్లలు ఎగిరిపోతారు. ఆ తరవాత నీ ఇష్టం."

"రేపు రమ్మని ఆయనకు మాట ఇచ్చాను. ఇప్పుడు ఆయనకు ఏం చెప్పమంటావు?"

"నా పిల్లలు ఉన్నారని చెప్పు."

దూదమ్మకు ఆ మాట నెమలితో చెప్పడం చిన్నతనంగా అనిపించింది. "గూడు ఉన్న కొమ్మ జోలికి పోనులే" అంది. ఆ కొమ్మను వదిలేసి, దాని చుట్టూ ఉన్నవన్నీ కొరికేసింది.

నెమలి వచ్చింది, తోక విప్పింది, మెచ్చుకుంది, వెళ్ళింది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఒక అడవిపిల్లి ఆ దారినే వచ్చింది. ఒంటరిగా మిగిలిన కొమ్మ మీదికి అవలీలగా ఎక్కింది. పిగిలిపిట్ట పురుగు పట్టుకుని తిరిగి వచ్చేసరికి గూట్లో ఏమీ లేదు. నోట్లో పురుగుతోనే అది చాలాసేపు గూటి అంచున కూర్చుంది. దూదమ్మ దాని దగ్గరికి వెళ్ళింది. పిట్ట ఆమె వైపు చూడకుండా వాగు అవతలికి ఎగిరిపోయింది.

ఆ తరవాత రెండు రోజులు దూదమ్మ తిండి తినలేదు. ఇంక ఒక్క కొమ్మ కూడా ముట్టుకోకూడదని అనుకుంది. నిజంగానే అనుకుంది, పిల్లలూ. కానీ మూడో రోజు వాగు అవతలి నుంచి ఆమె పిన్ని వచ్చింది.

పిన్ని కంచె చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఏమిటే ఇది? పళ్ళు ఊడిన నోరులా ఉంది. ఉంచితే అంతా ఉంచాలి, తీస్తే అంతా తీయాలి. ఎల్లుండి దొరసానిగారు తన మందను తీసుకొస్తారట. నెమలి తన వాళ్ళను తెస్తాడట. అంతమంది ఎక్కడ కూర్చుంటారు?"

"పిన్నీ, పిట్ట పిల్లలు పోయాయి. నాకు భయంగా ఉంది."

"అవి పిట్ట పిల్లలు. గూట్లో ఉంటాయి, పిల్లికి దొరుకుతాయి. నీ పిల్లలు నేల లోపల ఉంటారు. నీకేం భయం? పూలు ఉంచు. కింద ముళ్ళు తీసెయ్. నలుగురూ నీ ఇంటికి వస్తామంటుంటే వద్దంటావా?"

దూదమ్మ పిల్లల వైపు చూసింది. వాగు అవతలికి చూసింది. తరవాత కొమ్మకు పళ్ళు ఆనించింది. ఆ రోజూ, ఆ మర్నాడూ కొరుకుతూనే ఉంది. మూతి నిండా ముళ్ళ గీతలు పడ్డాయి.

అనుకున్నట్టే అందరూ వచ్చారు. పూల కింద కూర్చున్నారు. ముల్లంగి, చిలగడదుంప అన్నీ తిన్నారు. "దూదమ్మ ఇల్లే ఇల్లు" అన్నారు. పొద్దు వాలేలోపు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

తెల్లవారాక పిల్లలు నలుగురూ బయట ఆడుకుంటున్నారు. బుడ్డోడు రాలిన రేకులు ఏరుకుంటున్నాడు. ఒకప్పుడు కంచె ఉన్న చోట నక్క నిలబడి ఉంది.

దూదమ్మ "లోపలికి" అని అరిచింది. ముగ్గురు బొరియలో దూరారు. బుడ్డోడు దూరంగా ఉన్నాడు. దూదమ్మ వాడి వైపు పరిగెత్తింది. నక్క ఆమె కంటే ముందు చేరి వాణ్ణి పంజాతో అదిమింది.

"వాణ్ణి వదిలెయ్. నన్ను పట్టుకుపో" అంది దూదమ్మ.

"చలికాలం అంతా ఈ పొద చుట్టూ తిరిగాను. ఎక్కడా మూతి పెట్టే సందు దొరకలేదు. ఇవాళ తలవంచుకోకుండా నడిచి వచ్చాను" అంది నక్క. అంతే. బుడ్డోణ్ణి నోట కరుచుకుని, వచ్చినంత నిదానంగానే వెళ్ళిపోయింది.

దూదమ్మ మిగిలిన ముగ్గురినీ రాళ్ళ సందులో దాచి, దుప్పి దగ్గరికి వెళ్ళింది.

"అయ్యో పాపం. అయినా ముళ్ళు లేకపోతే వచ్చి కూర్చునేదాన్నన్నాను గాని, కంచె కొట్టెయ్యమని నేను అన్నానా?" అంది దుప్పి.

నెమలి దగ్గరికి వెళ్ళింది. "గూట్లో పిల్లలు ఉన్నారని ఒక్క మాట చెబితే నేను రావడమే మానేసేవాణ్ణి కదమ్మా" అంది నెమలి.

పిన్ని దగ్గరికి వెళ్ళింది. "నేను వేయి చెబుతాను. తల్లివి, నీకు తెలియొద్దా?" అంది పిన్ని.

ముగ్గురూ చెప్పింది అబద్ధం కాదు. అందుకే దూదమ్మ ఒక్కరితోనూ పోట్లాడలేకపోయింది.

చివరికి వాగు దాటి పిగిలిపిట్టను వెతుక్కుంటూ వెళ్ళింది. అది ఒక రేగు పొదలో కొత్త గూడు అల్లుకుంటోంది.

"నా బుడ్డోడు పోయాడు" అంది దూదమ్మ.

పిట్ట గడ్డిపోచను పక్కన పెట్టింది. "తెలుసక్కా. విన్నాను. నా పిల్లలు పోయిన రోజున నువ్వు ఆగి ఉంటే నీ పిల్లవాడు ఉండేవాడు."

"నన్ను క్షమిస్తావా?"

పిట్ట "ఇప్పుడు కాదు" అని చెప్పి, మళ్ళీ గడ్డిపోచ అందుకుంది.

దూదమ్మ ముగ్గురు పిల్లలతో కొండ మీది రాళ్ళలోకి వెళ్ళిపోయింది. అక్కడ పచ్చగా ఏదీ మొలవదు.

మరుసటి ఏడు వాగు ఒడ్డున గులాబీలు మళ్ళీ పూశాయి. దుప్పులు వచ్చాయి, నెమళ్ళు వచ్చాయి. పూల కింద చల్లగా కూర్చుని వాసన పీల్చుకున్నాయి. నేలలో ఉన్న బొరియలో ఎవరుండేవారని కొత్తగా వచ్చిన ఒక లేడికూన అడిగింది. ఎవరికీ గుర్తు రాలేదు.

నీతి: నలుగురి మెప్పు కోసం మన ఇంటి కాపలాను మనమే తీసేసుకుంటే, మెచ్చుకున్నవాళ్ళు ఆ నష్టంలో పాలు పంచుకోరు.